ఎవరి శ్రుతి, ఎవరికి మించింది?

వినాయక నిమజ్జనం మర్నాడు హైదరాబాద్‌లో తెలుగు పత్రిక తెరిస్తే లోపలి పేజీల్లో ఎక్కడో ఒకచోట ‘నిమజ్జనంలో అపశ్రుతి’ అన్న శీర్షిక కనిపిస్తూ ఉంటుంది. కింద నాలుగు ముక్కలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఊరేగింపు బండికి కరెంటు తీగ తగిలిందనో, విగ్రహంతో పాటు నీళ్లలోకి దిగిన కుర్రాడు మళ్లీ పైకి రాలేదనో. పాతికేళ్ల కిందట నేను ఒక పత్రికలో సబ్‌ఎడిటర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి శీర్షికలు లెక్క లేకుండా పెట్టాను. మాట చిన్నది, కాలమ్‌లో చక్కగా ఇముడుతుంది, పండగ పూట చావు అన్న మాట రాయనక్కరలేదు.

అప్పట్లో చిక్కడపల్లిలో మా ఇంటికి రెండిళ్ల అవతల సంగీతం చెప్పే మాష్టారు ఒకరుండేవారు. త్యాగరాయ గానసభలో కచేరీ ఉందంటే సాయంత్రం అయిదింటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరే మనిషి. ఒక ఉదయం ఆయన పత్రిక చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. “ఏం నాయనా, అపశ్రుతి అంటే మనిషి పోవడమని ఎప్పటి నుంచి అయింది?” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. జవాబు చెప్పాలంటే శ్రుతి అన్న మాట లోపల ఏమేం చిక్కుపడి ఉన్నాయో విడదీయాలి. అది ఆఫీసుకు వెళ్లే తొందరలో అయ్యే పని కాదు, ఎందుకంటే సంగీతంలోనే ఆ మాటకు మూడు అర్థాలున్నాయి.

ముందు అక్షరం సంగతి తేల్చుకుందాం. ‘శృతి’ అని రాసేవాళ్లే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నారు. మనం ఋ అక్షరాన్ని ‘రు’ అని పలుకుతాం కాబట్టి చెవికి రెండూ ఒకటే. ‘రి’ అని పలికే హిందీవాళ్లకు ఈ తికమక ఉండదు. ధాతువు ‘శ్రు’, అంటే వినడం. ‘శృ’ అని రాస్తే మాట వేరే ఇంటికి పోతుంది: వైద్యగ్రంథాల్లో శృతశీతం అంటే కాచి చల్లార్చిన నీళ్లు. శ్రు ధాతువు సంతానం తెలుగులో విస్తారంగా ఉంది. శ్రోత, శ్రవణం, విశ్రుతుడు, బహుశ్రుతుడు, జనశ్రుతి. వీటన్నిటిలో నాకు ముచ్చటైనది శుశ్రూష. దాని అసలర్థం వినాలనే కోరిక. గురువు మాట వినాలని దగ్గరే ఉండి, నీళ్లు తోడిపెట్టి, కాళ్లు పట్టిన శిష్యుడి పుణ్యమా అని ఆ మాట సేవ వైపు జారింది. ఇప్పుడు ఆస్పత్రి మంచం పక్కన నిలబడి ఉంది. వేదాన్ని శ్రుతి అనడం కూడా చెవిమీదుగా వచ్చిందనే. విన్నది శ్రుతి, తలచుకుని చెప్పింది స్మృతి.

సంగీతంలో కూడా అసలు పట్టు చెవిదే. చిక్కు ఎక్కడంటే, చెవి దేన్ని పట్టుకోవాలన్న దగ్గర.

ఒకటిన్నర, కాలీ ఏక్

హైదరాబాద్‌లో రెండు సంగీతాలు ఒకే ఊళ్లో కాపురం చేస్తున్నాయి. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూసింది ఈ ఊళ్లోనే. కర్ణాటక విద్వాంసుణ్ని ‘మీ శ్రుతి ఎంత?’ అని అడిగితే ‘ఒకటిన్నర’ అంటారు. హిందుస్తానీ ఉస్తాదును అదే మాట అడిగితే మన ముఖం వంక చూస్తారు. ఆయన దగ్గర దాని పేరు ‘కాలీ ఏక్’. రెండూ ఒకటే, హార్మోనియం మీద మొదటి నల్లమెట్టు.

ఈ ఒకటిన్నరలూ నాలుగున్నరలూ వినగానే ఏదో ప్రాచీన శాస్త్రమనిపిస్తుంది గానీ, వెనకున్నది హార్మోనియం పెట్టె. తెల్లమెట్లను ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టి, మధ్యలో వచ్చే నల్లమెట్టుకు ‘న్నర’ తగిలించారు. మూడుకీ నాలుగుకీ నడుమ నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అన్నది లోకంలో లేదు. ఏడున్నర కూడా లేదు, అది శనికే చెల్లింది. మగవారి గొంతుకు ఒకటి దగ్గర, ఆడవారికి అయిదు, అయిదున్నర దగ్గర హాయిగా ఉంటుంది. ఒకటంటే సెకనుకు సుమారు 131 కంపనాలు, అయిదంటే సుమారు 196.

ఇది మొదటి అర్థం: ఆధార షడ్జం. గాయకుడు తన గొంతుకు అనువుగా ఎంచుకున్న ‘స’. ఆ ఎంపికలో తప్పు, ఒప్పు అన్నవి లేవు. పాశ్చాత్య వాద్యబృందాల కోసం 1939లో లండన్‌లో సమావేశమై ఒక స్వరానికి 440 కంపనాలని తీర్మానించుకున్నారు. మనకు అలాంటి తీర్మానంతో పని పడలేదు. నా ‘స’ నాది, మీ ‘స’ మీది. ఒకరి పక్కన ఒకరు కూర్చుని పాడాలన్నప్పుడే పేచీ.

రెండో అర్థం, ఆ ‘స’ను ఎడతెగకుండా వినిపించే వాద్యం. తంబూరా, శ్రుతి పెట్టె, పాతకాలంలో తోలు తిత్తి. పెళ్లిలో సన్నాయి వాయించే ఆయన పక్కన బుగ్గలు పూరించుకుని ఒకే స్వరం పట్టుకుని కూర్చునే మనిషి ఒకడుండేవాడు. ఆయన ముఖం ఏ ఫొటోలోనూ సరిగ్గా పడదు. ఇప్పుడు ఆయన స్థానంలో ఫోను ఉంది.

మూడో అర్థం దగ్గరకు వస్తే సంఖ్య మారుతుంది. ఒక స్థాయికి, అంటే ‘స’ నుంచి పై ‘స’ దాకా, 22 శ్రుతులని భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన శ్రుతి ఇది: స్వరానికీ స్వరానికీ మధ్య చెవి పోల్చుకోగల అతి సన్నని ఎడం. హిందుస్తానీవాళ్లు శ్రుతి అన్న మాటను ఈ అర్థంలోనే వాడతారు. అందువల్ల ఒకే వేదిక మీద ఇద్దరు విద్వాంసులు ‘శ్రుతి’ గురించి అరగంట మాట్లాడుకుని, చివరికి తాము వేర్వేరు సంగతులు మాట్లాడుకున్నామని గ్రహించడం అసాధ్యమేమీ కాదు.

ఈ 22 ఎక్కడి నుంచి వచ్చిందో భరతుడు చూపించిన పద్ధతి అందమైనది. ఒకేలా శ్రుతి చేసిన రెండు వీణలు తీసుకోమన్నాడు. ఒకదాన్ని కదపకూడదు, అది ధ్రువవీణ. రెండోది చలవీణ, దాని తీగలన్నిటినీ ఒక్కో శ్రుతి చొప్పున దించుకుంటూ పోవాలి. రెండుసార్లు దించేసరికి చలవీణ గాంధార నిషాదాలు (గ, ని) ధ్రువవీణ రిషభ ధైవతాల్లో (రి, ధ) కలిసిపోతాయి. మూడోసారికి రిషభ ధైవతాలు షడ్జ పంచమాల్లో (స, ప), నాలుగోసారికి పంచమ మధ్యమ షడ్జాలు (ప, మ, స) తమ కింది స్వరాల్లో. ఇక లెక్క కట్టండి: రెండు శ్రుతుల స్వరాలు రెండు, మూడు శ్రుతులవి రెండు, నాలుగు శ్రుతులవి మూడు. నాలుగు, ఆరు, పన్నెండు, మొత్తం 22. చేతిలో కొలబద్ద లేదు, గడియారం లేదు. ఒక కదలని వీణ, ఒక కదిలే వీణ, రెండింటి మధ్య ఒక చెవి. ఈ ‘కదలని వీణ’ను గుర్తుపెట్టుకోండి, నుడికారాల దగ్గర మళ్లీ దానితో పని ఉంది.

13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కూడా 22నే నిలబెట్టాడు. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసే నాటికి దృష్టి వీణ మెట్ల మీదికి మళ్లింది. ఇవాళ కచేరీలో 22 లెక్కపెట్టుకుని పాడేవారు ఎవరూ లేరు. అయినా వర్ధమాన గాయకులకు ఆ సంఖ్య అంటే భక్తి.

అల ఆగేదాకా

శ్రుతి చేయడం ఎలా ఉంటుందో నేను మాష్టారి తంబూరా దగ్గర కూర్చుని చూశాను. నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ముందు బిరడా తిప్పి మోటుగా దగ్గరికి తెస్తారు. తర్వాత గుర్రం (తీగలు ఆనే చెక్క) వెనక తీగకు ఎక్కించిన పూసను వెంట్రుకవాసి జరుపుతూ సరిచేస్తారు. చివరికి జీవాళి. తీగకూ గుర్రానికీ నడుమ దూర్చిన దారప్పోగు సరైన చోటికి చేరేసరికి, అప్పటిదాకా టంగుమన్న తీగ తేనెటీగలా ఝుమ్మంటుంది. వీణ, తంబూరాల గుర్రం దగ్గర జరిగే ఈ చిత్రాన్ని సి.వి.రామన్ 1920ల తొలినాళ్లలో పరిశీలించి, మామూలు తీగకు వర్తించే నియమం ఇక్కడ చెల్లడం లేదని రాశారు. వెడల్పాటి గుర్రం మీద తీగ రాసుకుంటూ కదలడం వల్ల, లేకపోతే మూగగా ఉండిపోవలసిన ఉపస్వరాలు (అసలు స్వరం వెంట పుట్టే సన్నని పై స్వరాలు) కూడా లేచి వినబడతాయి. మంద్రం తీగ ఒక్కటే మీటి శ్రద్ధగా వింటే అందులో అంతర గాంధారం వినిపిస్తుందని మాష్టారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. వారం రోజులకు వినిపించింది. ఆ తర్వాత వినకుండా ఉండటం సాధ్యం కాలేదు.

రెండు తీగలు కలిశాయని చెవికి ఎలా తెలుస్తుంది? భౌతికశాస్త్రం జవాబు సులువు. ఒక తీగ సెకనుకు 131 సార్లు, ఇంకొకటి 133 సార్లు కంపిస్తుంటే ధ్వని సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. తేడా ఒకటికి తగ్గితే సెకనుకు ఒక్క అల. ఇంకా దగ్గరైతే అల నెమ్మదిస్తూ, సాగుతూ, చివరికి నిలిచిపోతుంది. శ్రుతి చేసే మనిషి వింటున్నది ఆ అలను.

ఇందులో నాకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. రెండు తీగలు బాగా దూరంగా ఉన్నప్పుడు ఈ అల అసలు వినబడదు; అవి రెండు వేర్వేరు ధ్వనులు, దేని దారి దానిది. దగ్గరికొచ్చి, కలవబోయి, కలవకుండా ఆగిన చోటే చెవి గీరుకుపోతుంది. అన్నదమ్ముల గోడ తగాదా ఎందుకంత కటువుగా ఉంటుందో తంబూరా చెబుతుంది. దారినపోయే వాడితో మనకు అపశ్రుతి ఉండదు.

ఇంకో తిరకాసు లెక్కల్లోనే ఉంది. షడ్జానికి పంచమం ఒకటిన్నర రెట్లు. ఆ పంచమాన్ని మళ్లీ ‘స’ అనుకుని దాని పంచమం, దానికి పంచమం, ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న ‘స’ దగ్గరికి రావాలి. వస్తాం, కానీ సరిగ్గా రాం. స్థాయికి రెండింతల చొప్పున ఏడు స్థాయిలంటే 128 రెట్లు. పన్నెండు పంచమాలు 129.75 దాకా పోతాయి. అంటే శుద్ధమైన పంచమాల దారిన నిజాయితీగా నడిస్తే ఆఖరున శ్రుతి మించిపోతుంది. పియానో, హార్మోనియం చేసేవాళ్లు దీనికి ఒక రాజీమార్గం పట్టారు: ఆ మిగులును పన్నెండు మెట్లకూ సమానంగా పంచేశారు. ఎవరూ మరీ తప్పు కాదు, ఎవరూ పూర్తిగా ఒప్పు కాదు. హార్మోనియం అంతర గాంధారం తంబూరాలో పుట్టే గాంధారం కంటే దాదాపు 0.8 శాతం ఎక్కువ. మామూలు శ్రోతకు పట్టదు. తంబూరా పక్కన అయితే పడుతుంది. మెట్టు నుంచి మెట్టుకు దూకే ఆ వాద్యం మీద గమకం (స్వరాన్ని ఊపి పలకడం) పలకదన్నది దీనికి తోడైన ఫిర్యాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన పద్యనాటకాల్లో మాత్రం దానిదే రాజ్యం. నాలుగు శ్రుతిలో పద్యం ఎత్తుకునే నటుడికి 0.8 శాతం ఎవడిక్కావాలి.

వాతావరణం సంగతి చెప్పనే అక్కర్లేదు. వేదిక దీపాల వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది. వానాకాలం చెమ్మకు మృదంగం చర్మం మెత్తబడి దిగుతుంది, ఎండకు బిగిసి ఎక్కుతుంది. అందుకే మృదంగం ఆయన పాటకూ పాటకూ మధ్య రాయి తీసి అంచు మీద టకటక కొడుతూ ఉంటాడు. ఒకసారి కలిస్తే సాయంత్రమంతా కలిసే ఉండే శ్రుతి ఎక్కడా లేదు.

నుడికారంలో

ఇప్పుడు పత్రిక దగ్గరకు వద్దాం.

‘శ్రుతి మించడం’ మనకు బాగా అలవాటైన మాట. పరిహాసం శ్రుతి మించింది, ఆగడాలు శ్రుతి మించాయి, విమర్శలు శ్రుతి మించుతున్నాయి. గమనించారో లేదో, ఈ నుడికారం ఒకవైపే నడుస్తుంది. సంగీతంలో శ్రుతి ఎక్కడం ఎంత దోషమో దిగడం కూడా అంతే దోషం. అలిసిన గొంతులు సాధారణంగా కిందికే జారతాయి. కానీ పని ఎగ్గొట్టే అధికారిని ‘శ్రుతి దిగాడు’ అని ఎవరూ అనరు. బాధ్యత తీసుకోని కొడుకును అనరు. తెలుగు సమాజం హెచ్చుకు భయపడినంతగా తగ్గుకు భయపడలేదని ఈ ఒక్క ముక్క పట్టి చెప్పేయడం దుడుకుతనమే గానీ, అనుమానం మాత్రం కలుగుతుంది.

ఈ మాట మోసే ఇంకో బరువు నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ‘వేధింపులు శ్రుతి మించడంతో యువతి పోలీసులను ఆశ్రయించింది’ అన్న వాక్యం నేనూ రాశాను. మించడం అనాలంటే అంతకుముందు మించకుండా ఉన్న దశ ఒకటి ఉండాలి. అంటే శ్రుతిలో ఉన్న వేధింపులు, తాళానికి కుదిరిన వేధింపులు కొన్ని ఉన్నాయన్నమాట! రాసినవాడు అలా అనుకోడు, చదివినవాడూ అనుకోడు. మాట మాత్రం అనుకుంటూనే ఉంటుంది. పరిహాసానికి ‘శ్రుతి మించడం’ నప్పుతుంది, ఎందుకంటే పరిహాసానికి నిజంగానే ఒక హాయైన స్థాయి ఉంది. వేధింపుకు లేదు.

దీనికి పొడిగింపు ‘శ్రుతి మించి రాగాన పడటం’. శ్రుతి మించడం దోషమైతే, రాగంలో పడటం మంచిదే కదా? రాగం కోసమే గదా కచేరీకి వెళ్లింది? దీన్ని రెండు రకాలుగా విప్పవచ్చు. శ్రుతి చూసుకుందామని చిన్నగా కూనిరాగం మొదలుపెట్టిన మనిషి తెలియకుండానే ఆలాపనలోకి జారిపోయాడు, ఇక ఇప్పట్లో ఆగడు అన్నది ఒకటి. చిన్న గొణుగుడు పెద్ద రభస అయినప్పుడు ఇది సరిపోతుంది. రెండోది, శ్రుతి పట్టుకుని కూర్చోవలసిన మనిషే రాగం అందుకున్నాడన్నది. నా మొగ్గు రెండోదాని వైపు. సన్నాయి పక్కన బుగ్గలు పూరించే ఆ మనిషి ఒక్కసారి తన సొంత రాగం ఎత్తుకున్నాడనుకోండి, పెళ్లిపందిట్లో ఏమవుతుందో ఊహించవచ్చు. ‘మించడం’ అన్న క్రియ కూడా తెలుగులో హద్దుతో, తాహతుతో ముడిపడినది. తాహతుకు మించిన అప్పు, స్థాయికి మించిన మాట. ఎవరి చోటు ఎక్కడో ముందే నిర్ణయించిన సమాజంలో పుట్టిన నుడికారంలా ఉంది ఇది. కోడలు గొంతు పెంచితే శ్రుతి మించుతుంది, అత్తగారు పెంచితే అది ఆవిడ స్వభావం.

అందుకే ఎవరైనా ‘శ్రుతి మించింది’ అన్నప్పుడు కదలని వీణ ఎవరి ఒళ్లో ఉందో చూడాలనిపిస్తుంది. భరతుడి ప్రయోగంలో ధ్రువవీణను ధ్రువమని ప్రయోగం చేసేవాడే నిర్ణయించాడు. అది లేకపోతే కొలత లేదు, నిజమే. కానీ హిందోళం లాంటి పంచమం లేని రాగం పాడేటప్పుడు తంబూరా పంచమం తీగను మధ్యమానికి మార్చుకునేవారున్నారు. పున్నాగవరాళి, నాదనామక్రియ వంటివాటిని మధ్యమాన్నే ఆధారం చేసుకుని, మధ్యమ శ్రుతిలో పాడతారు. ఆధారం కూడా రాగం అవసరాన్ని బట్టి ఒక తీగ సడలిస్తుంది.

ఇక అపశ్రుతి. ముందు దాన్ని అపస్వరం నుంచి వేరు చేయాలి, మన రాతల్లో రెండూ కలిసిపోయాయి. మోహన రాగంలో మధ్యమం లేదు, నిషాదం లేదు. పాడుతూ పాడుతూ మధ్యమం పట్టుకుంటే అది అపస్వరం. ఆ మధ్యమం శ్రుతికి నూటికి నూరుపాళ్లూ కుదిరి ఉండవచ్చు. గాంధారమే పాడుతూ, ఉండవలసిన చోటికి పిసరంత పైనో కిందో పాడితే అపశ్రుతి. మొదటిది చోటు లేని చోటికి వచ్చిన స్వరం, రెండోది తన చోట్లోనే సరిగ్గా కూర్చోని స్వరం. మూడోది అన్యస్వరం, అనుమతితో వచ్చే బయటి స్వరం. కాంభోజిలో అప్పుడప్పుడు తొంగిచూసే కాకలి నిషాదం అలాంటిదే, అది రాకపోతే వెలితి.

ఈ మూడు పెట్టెలూ పక్కన పెట్టుకుని రాజకీయ వార్త చదవండి. కూటమిలో ఒక నాయకుడు లేచి అందరూ ఒప్పుకున్న విధానం తనకు సమ్మతం కాదని స్పష్టంగా చెబితే అది అపస్వరం. అందరూ ఒకే మాట అంటూ, ఎవరి అర్థం వాళ్లు పెట్టుకుంటే అపశ్రుతి. సాధారణంగా కూటములను కూల్చేది రెండోది. అయినా శీర్షికల్లో రెండింటికీ ఒకే మాట దొరుకుతుంది.

మరి చావు? మాష్టారి ప్రశ్నకు నా దగ్గర ఇప్పుడున్న జవాబు ఇదీ. అపశ్రుతి అనాలంటే రెండు ధ్వనులు కలవాలని కూర్చుని ఉండాలి. కరెంటు తీగ, విగ్రహం కొన అలా కూర్చోలేదు. ‘నిమజ్జనంలో అపశ్రుతి’ అన్నప్పుడు ఉత్సవమే పాట, చనిపోయిన కుర్రాడు ఆ పాటలో దొర్లిన పొరపాటు. రాసేవాడు ఉత్సవం పక్కన నిలబడి వింటున్నాడు. అదే వార్తను ఆ కుర్రాడి ఇంటి గుమ్మంలో నిలబడి వింటే ఎలా ఉంటుంది? ఆ ఇంట్లో ఉత్సవం లేదు, శ్రుతి లేదు, పాటా లేదు. ‘కరెంటు తగిలి యువకుడి మృతి’ అని రాయడానికి కూడా దాదాపు అంతే జాగా పడుతుంది. నేను లెక్కపెట్టి చూశాను, మూడక్షరాలు ఎక్కువ.

సంగీతం నుంచి జారిపడి నలిగిన మాటల్లో ‘వంత పాడటం’ కూడా ఉంది, దానికి జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. ఇప్పుడది భజన చేయడానికి మారుపేరు. బుర్రకథ చూసినవారికి తెలుసు, కథకుడికి ఇరుపక్కలా నిలబడే వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ మధ్యలో ఆపి ప్రశ్నిస్తారు, ఎగతాళి చేస్తారు, ఊళ్లో ధరల సంగతి ఎత్తుతారు. తందాన తాన అన్నంత మాత్రాన ఊ కొట్టినట్టు కాదు. ‘సన్నాయి నొక్కులు’ మాత్రం న్యాయంగానే మిగిలింది, మెత్తగా నొక్కుతూ దెప్పడానికి అంతకంటే మంచి మాట లేదు.

మరోవైపు, శ్రుతి చేయడానికి మనకున్న పాత తెలుగు క్రియ ఒకటి ఎవరికీ తెలియకుండానే మంచి అర్థంలో బతికిపోయింది: మేళవించడం. కావ్యాల్లో వీణను మేళవించడమంటే శ్రుతి కూర్చడం. వీణ దండి మీద మైనం పరిచి మెట్లు అమర్చడాన్ని ఇప్పటికీ మేళం కట్టడం అంటారు. ఇవాళ టీవీలో వంటల కార్యక్రమంలో ‘పులుపు, తీపి మేళవింపు’ అన్నప్పుడు ఆ అమ్మాయి నిజానికి వీణ తీగ మాటే పలుకుతోంది. కలపడం వేరు, మేళవించడం వేరు అన్న ఎరుక ఉంటే ఆ చింతపండు పులుసు కూడా ఇంకాస్త జాగ్రత్తగా కాగుతుందేమో.

ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘ట్యూనింగ్’ మరో దారి పట్టింది. మన ఊళ్లో అది మొదట రేడియోది, తర్వాత కార్బొరేటర్ ఉన్న మోటారు సైకిళ్ల మెకానిక్కుది. మెకానిక్కు చెవి ఒగ్గి, స్క్రూ పావువంతు తిప్పి, ఇంజిన్ ధ్వని నిలకడపడేదాకా వినేవాడు. పూస జరిపే మాష్టారికీ ఆయనకూ తేడా చేతులకంటిన గ్రీజే. అక్కడి నుంచి ‘ఆలుమగలకు ట్యూనింగ్ కుదిరింది’ వచ్చింది. ఇప్పుడు మాదాపూర్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు రోజంతా ‘ఫైన్ ట్యూనింగ్’ అంటున్నారు, వాళ్ల పనిలో చెవికి పాత్ర లేదు. విచిత్రమేమిటంటే ‘శ్రుతి’ మన వాడుకలో ఎక్కువగా తప్పులకే మిగిలింది: మించింది, తప్పింది, అపశ్రుతి. కుదిరినప్పుడు మాత్రం ట్యూనింగ్ అంటున్నాం.

మాష్టారు ఇప్పుడు లేరు. ఆయన తంబూరా వాళ్లమ్మాయి దగ్గర ఉంది. గత ఆషాఢంలో బోనాల రోజు లాల్‌దర్వాజ వైపు వెళ్తుంటే సన్నటి వాన పట్టుకుంది. సందు మొదట్లో డప్పులవాళ్లు నలుగురు ఒక రేకు కింద చేరి, పాత పత్రికలు నలిపి అంటించి, ఆ సెగకు డప్పులు కాచుకుంటున్నారు. ఒకాయన డప్పును మంటకు తిప్పి తిప్పి చూపించి, చిర్రతో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపి మళ్లీ మంట మీద పట్టాడు. మంట తగ్గుతోందని పక్కనున్న కుర్రవాడు ఇంకో పేజీ చింపాడు. మూడోసారి కొట్టేసరికి డప్పు ఖణేల్‌మంది. పక్కవాళ్లు అప్పుడు తమవి తీసి, దాని పక్కన పెట్టి కొట్టి చూసుకోవడం మొదలుపెట్టారు.